వరదలో మునిగి పట్టేసిన మారుతి 800 ఇంజన్: ఇంట్లోనే దించి బాగుచేసుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వు చెప్పిందంతా ముందు ఒకసారి కూడదీస్తా, ఎక్కడైనా తప్పుంటే చెప్పు. చెన్నై మడిపాక్కంలో ఇల్లు. మీ నాన్నగారి 2006 మోడల్ మారుతి 800, ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ కాకుండా ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం. 2023 డిసెంబర్ లో మిచౌంగ్ తుపానుకి, అదే తర్వాత బాపట్ల దగ్గర తీరం దాటిందే, ఆ వానకి స్టిల్ట్ పార్కింగ్ లో, అదే బిల్డింగ్ కింద స్తంభాల మధ్య, హెడ్‌లైట్ల దాకా మునిగింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఈ మధ్య వేరే బ్యాటరీ తగిలించి కీ తిప్పితే ఠక్ మని ఒక్క సౌండ్, అంతే. మీ బావగారు తాడు కట్టి లాగించి సెకండ్ గేర్ లో క్లచ్ వదిలితే ముందు చక్రాలు తిరక్కుండా రోడ్డు మీద ఈడ్చుకుపోయాయి. మెకానిక్ వచ్చి ఇంజన్ సీజ్, దించాల్సిందే, లేకపోతే పాత బండ్ల సామాను అమ్మే పుదుపేట నుంచి వేరే ఇంజన్ తెచ్చి వేసేద్దాం అన్నాడు. మనమే చైన్ బ్లాక్ పెట్టి దించి చేసుకోలేమా అని నీ ప్రశ్న.

చేసుకోవచ్చు. ఇంట్లో ఇంజన్ పని నేర్చుకోవడానికి 800 కంటే సులువైన బండి లేదు, మూడు సిలిండర్లు, 796 సీసీ, బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనపడతాయి, స్పేర్లు జీపీ రోడ్డు లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. నేను అంబత్తూరు వైపు ఇంజన్ రీకండిషనింగ్ పనిలోనే ఉన్నాను చాలా ఏళ్ళుగా, ఈ ఇంజన్లు బోలెడు విప్పాను కాబట్టి చెప్తున్నా, దించడం అసలు పెద్ద పనే కాదు. ఎందుకు పట్టేసిందో తేల్చుకోకుండా దించడమే తప్పు. నీ విషయంలో అయితే దించకుండానే విడిపోయే అవకాశం బాగానే ఉంది, అది చూడకుండా చైన్ బ్లాక్ అద్దెకి తెచ్చుకోకు.

ఎందుకంటే పట్టేసిన ఇంజన్లు అన్నీ ఒకటి కాదు. నడుస్తూ నడుస్తూ పట్టేసింది వేరు, నిలబడి పట్టేసింది వేరు. నడుస్తుండగా ఆయిల్ అయిపోతే క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని మీద బేరింగ్ షెల్స్ కరిగి అతుక్కుంటాయి. రేడియేటర్ లో నీళ్ళు లేక వేడెక్కితే పిస్టన్ ఉబ్బి బోరుని, అంటే అది ఆడే సిలిండర్ రంధ్రాన్ని, పట్టుకుంటుంది, పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ లోపలి గోడ పోత ఇనుము, ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది, 68.5 ఎంఎం పిస్టన్ మామూలు కంటే ఇంకో 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.15 ఎంఎం దాకా పెరుగుతుంది, బోరు అందులో సగమే పెరుగుతుంది, రెండిటి మధ్య ఉండే సందు చూస్తే 0.05 అటూ ఇటూ, ఇంక ఎక్కడికి పోతుంది? నీళ్ళలో నడుపుతూ ఇంజన్ నీళ్ళు మింగితే ఇంకో రకం, నీళ్ళు గాలిలాగా అణగవు కాబట్టి పైకొస్తున్న పిస్టన్ కి దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఈ మూడిట్లో ఏదైనా సరే దించి విప్పక తప్పదు, పోసి నానబెట్టే మందులు ఏవీ పనిచేయవు.

నీ బండి ఆఫ్ లో ఉండగా మునిగింది. అంటే రాడ్లు వంగలేదు, బేరింగ్లు కాలలేదు. నీళ్ళు ఎయిర్ ఫిల్టర్ దారిలోనో సైలెన్సర్ దారిలోనో లోపలికి పోయాయి, ఇంజన్ ఏ పొజిషన్ లో ఆగినా ఏదో ఒక సిలిండర్ కి వాల్వ్ తెరుచుకునే ఉంటుంది, ఆ సిలిండర్ లో నీళ్ళు నిలబడి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు బోరుకి తుప్పుతో అంటుకున్నాయి. దానికితోడు మన చెన్నై ఉప్పు గాలి. ఇది తుప్పు జబ్బు, దీనికి ఓపిక ఉంటే చాలావరకు మందుంది. నాకున్న ఒకే అనుమానం మీ బావగారు చేసిన పని మీద, సిలిండర్ లో నీళ్ళు ఉండగా బండి బరువుతో లాగించి క్లచ్ వదిలితే రాడ్ వంగే ప్రమాదం ఉంది, సెల్ఫ్ మోటార్ కి అంత బలం ఉండదు గానీ కదిలే బండికి ఉంటుంది. చక్రాలు జారిపోయాయి కాబట్టి తప్పించుకుని ఉండొచ్చు. అది ఎలా తేల్చుకోవాలో తర్వాత చెప్తా. ఇకమీదట మాత్రం తాడు, కీ, రెండూ ముట్టుకోవద్దు.

ముందు అసలు ఇంజనే పట్టేసిందా అని చూడు. నవ్వొద్దు, మునిగిన బండిలో డైనమో బేరింగ్, ఏసీ ఉంటే కంప్రెసర్ పుల్లీ, సెల్ఫ్ మోటార్ పళ్ళు, క్లచ్ ప్లేట్ ఫ్లైవీల్ కి అంటుకోవడం, అన్నీ జరుగుతాయి, బయట నుంచి చూస్తే అన్నీ ఇంజన్ సీజ్ లాగానే కనపడతాయి. బ్యాటరీ తీసేయ్, న్యూట్రల్ లో పెట్టు, బెల్టులన్నీ తీసి ఒక్కో పుల్లీ చేత్తో తిప్పు. తిరగనిది దొరికితే దాన్ని గుర్తుపెట్టుకో. తర్వాత సెల్ఫ్ విప్పి బయటపెట్టు, ఒక్కోసారి దాని పినియన్ రింగ్ గేర్ లో ఇరుక్కుని మొత్తం ఇంజన్ ని పట్టుకుని కూచుంటుంది. సెల్ఫ్ ఎటూ విప్పి సర్వీస్ చేయించాల్సిందే, లోపల బురద ఉంటుంది. వెనక చక్రాల డ్రమ్ములు కూడా పట్టేసి ఉంటాయి, అది వేరే పని, దాన్ని ఇంజన్ తో కలిపి కంగారు పడకు.

ఆ తర్వాత ఆయిల్. డిప్‌స్టిక్ చూసి ఊరుకోవద్దు. చాంబర్, అదే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, దాని డ్రెయిన్ బోల్ట్ మెల్లిగా లూజ్ చేసి మొదట వచ్చేది ఒక గ్లాసులో పట్టు, నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి ఉంటే అవే ముందు వస్తాయి. ఎంత నీళ్ళు వచ్చాయో చూస్తే లోపల కథ సగం తెలుస్తుంది. నీళ్ళొస్తే మొత్తం దించేయ్. ఆయిల్ ని వేళ్ళ మధ్య రుద్ది ఎండలో చూడు, వెండి రజను లాగా మెరిస్తే అది బేరింగ్, అప్పుడు నేను పైన చెప్పిందంతా పక్కనపెట్టి దించడానికే సిద్ధపడు. పాలు కలిసిన కాఫీలా ఉంటే ఊరికే నీళ్ళు కలిసింది, భయం లేదు.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్గులు. మూడూ విప్పేయ్. విప్పేముందు ప్లగ్ గుంటల్లో ఉన్న మట్టి ఊదేయ్ లేకపోతే అదంతా లోపల పడుతుంది. ఫోన్ కి తగిలించుకునే చిన్న కెమెరా వైరు ఆన్‌లైన్ లో దొరుకుతుంది, చవకే, కొనుక్కో, ఈ మొత్తం పనిలో డబ్బుకి తగ్గ విలువ ఇచ్చేది అదే. లోపల నీళ్ళుంటే సిరంజికి సన్న ట్యూబ్ తొడిగి లాగేయ్. ఏ సిలిండర్ లో తుప్పు ఉంది, పిస్టన్ ఎంత ఎత్తులో ఆగింది, రాసిపెట్టుకో.

నానబెట్టడానికి ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు, కిరోసిన్ అని, బ్రేక్ ఆయిల్ అని, ఆఖరికి కోలా అని కూడా. నేను వాడేది ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) సగం, అసిటోన్ సగం, బాగా గిలక్కొట్టి ప్రతి సిలిండర్ లో ఒక యాభై ఎంఎల్ దాకా. అసిటోన్ వల్ల పల్చబడి రింగుల సందుల్లోకి దిగుతుంది, తర్వాత అసిటోన్ ఆవిరైపోయి ఆయిల్ మిగుల్తుంది. అసిటోన్ పెట్రోలు కంటే తక్కువేం కాదు అంటుకోవడంలో, స్టిల్ట్ లో ఎవరూ సిగరెట్ తాగకుండా చూసుకో, పెయింట్ మీద పడనీకు. రోజుకోసారి ఎంత దిగిందో చూసి మళ్ళీ పోస్తూ ఉండు. కనీసం వారం. నాలుగో రోజుకే ఫోన్ చేసి కదలట్లేదన్నా అనేవాళ్ళే ఎక్కువ, రెండేళ్ళు పట్టిన తుప్పు నాలుగు రోజుల్లో ఎక్కడ వదుల్తుంది.

తిప్పేటప్పుడు క్రాంక్ పుల్లీ బోల్ట్ మీద సాకెట్ పెట్టి, రెండడుగుల రాడ్ తో, బోల్ట్ బిగిసే దిక్కులో. ఇంజన్ మామూలుగా తిరిగేది కూడా ఆ వైపే. విప్పే దిక్కులో లాగితే బోల్ట్ ఊడొస్తుంది, టైమింగ్ బెల్ట్ కూడా పళ్ళు జారొచ్చు. బలం ఎంత అంటే ఒక మనిషి రాడ్ మీద మామూలుగా నొక్కేంత. పైపు తొడిగి దాని మీద ఎక్కి నిలబడే పని వద్దు, బోల్ట్ తెగితే నీ పని రెట్టింపవుతుంది. నొక్కి పట్టుకో, వదులు, మళ్ళీ నొక్కు. వెంట్రుక వాసి కదిలినా నీదే గెలుపు, ఆ కదిలిన చోటే ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఆడిస్తూ, ఇంకొంచెం పోస్తూ పెంచుకుంటూ పో. వెనక్కి ఆడించడానికి మాత్రం బోల్ట్ కాదు, ఫ్లైవీల్ పళ్ళ దగ్గర సెల్ఫ్ ఉన్న బొక్కలోంచి పెద్ద స్క్రూడ్రైవర్ తో నెమ్మదిగా. ఇంకో దారి, డ్రమ్ములు విడిపించాక టాప్ గేర్ లో పెట్టి బండినే ముందుకీ వెనక్కీ ఊపడం, టాప్ గేర్ లో బండి బలం ఇంజన్ మీద ఎక్కువ పడుతుంది కాబట్టి నెమ్మదిగానే ఊపు.

విడిపోయిందనుకో, సంతోషంలో ప్లగ్గులు పెట్టి కీ తిప్పేయకు. ప్లగ్గులు లేకుండానే, పైన ఒక గుడ్డ కప్పి చేత్తో రెండు మూడు రౌండ్లు తిప్పు, లోపల ఉన్నదంతా ఫౌంటెన్ లాగా చిమ్ముతుంది, మొహం పెట్టకు. నువ్వు పోసిందంతా రింగుల మీదుగా చాంబర్ లోకి దిగి ఉంటుంది కాబట్టి చాంబర్ దించు, కడుగు, ముఖ్యంగా ఆయిల్ పంప్ కి వెళ్ళే జాలీ చూడు, రెండేళ్ళు నీళ్ళు అడుగున నిలబడితే ఆ జాలీ తుప్పు పొరతో మూసుకుపోతుంది, అది చూడకుండా స్టార్ట్ చేసి నిజంగానే ఇంజన్ కాల్చుకున్న వాళ్ళు నా దగ్గరికి వచ్చారు. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, కొత్త టైమింగ్ బెల్ట్. ట్యాంక్ లో పాత పెట్రోలు నీళ్ళతో సహా తీసేయ్. తర్వాత సెల్ఫ్ తో తిప్పి కంప్రెషన్ గేజ్ పెట్టు. మూడూ 150 పీఎస్ఐ ప్రాంతంలో, ఒకదానికొకటి పదిహేను లోపు తేడాతో ఉంటే నువ్వు అదృష్టవంతుడివి, ఇంజన్ దించే మాటే మర్చిపో, నడుపు. ఒకటి బాగా తక్కువ ఉంటే ఆ సిలిండర్ లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడు, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ తుప్పు పట్టి కూర్చోవట్లేదు. వాల్వ్ అయితే హెడ్ ఒక్కటే విప్పితే సరిపోతుంది, అది బండి మీదే అయ్యే పని.

పది పదిహేను రోజులు నానబెట్టినా కదలకపోతేనో, కంప్రెషన్ మరీ దారుణంగా ఉంటేనో, అప్పుడు దించు.

దించేముందు ఒక కాగితం పని. ఆర్సీ ఎప్పటిదాకా ఉందో చూసుకున్నావా? 2006 బండి అంటే మొదటి పదిహేనేళ్ళు 2021 లోనే అయిపోయాయి. పదిహేనేళ్ళు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5000 చేశారు, ఇరవై దాటితే ఇంకా పెరుగుతుంది, పైగా బండి ఎఫ్‌సీ లో, అదే ఫిట్‌నెస్ పరీక్షలో, పాసవ్వాలి. వరదలో మునిగిన బండికి కింద ఫ్లోర్ తుప్పు తిని ఉంటే ఇంజన్ కి పెట్టేదంతా వృథా. కాబట్టి కార్పెట్లు ఎత్తి, కింద దూరి స్క్రూడ్రైవర్ తో పొడిచి చూడు. దిగిపోతే ఆలోచించుకో. నాన్నగారి బండి అన్న మమకారం నాకర్థమవుతుంది, అయినా చెప్పడం నా బాధ్యత.

పుదుపేట ఇంజన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. చవగ్గా వస్తుంది, నిజమే. కానీ ఇంజన్ నంబర్ బ్లాక్ మీద కొట్టి ఉంటుంది, బ్లాక్ మారితే ఆర్సీ లో ఉన్న నంబర్ తో కలవదు, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీవో అనుమతి తీసుకుని రాయించుకోవాలి, అందుకు ఆ ఇంజన్ ఎక్కడిదో చెప్పే బిల్లు కావాలి. బిల్లు లేకుండా కొన్నది దొంగ బండిదైతే నీ మెడకి చుట్టుకుంటుంది. అదీగాక దాని లోపల ఏముందో నీకు తెలియదు. అందుకే నా మాట ఎప్పుడూ ఒకటే, నీ బ్లాక్ నీ దగ్గరే ఉంచుకో, దాన్నే బోర్ కొట్టించు. పుదుపేటకి వెళ్ళాలంటే డైనమోకో బ్రాకెట్లకో వెళ్ళు.

ఇక దించడం. ఫోన్ లో ప్రతి మూలా ఫోటో తీసుకో, ప్రతి కప్లర్ కీ మాస్కింగ్ టేప్ చుట్టి నంబర్ వెయ్. బానెట్ తీసేయ్, తీసేముందు కీలు చుట్టూ మార్కర్ తో గీత గీస్తే మళ్ళీ పెట్టేటప్పుడు సరిగ్గా కూర్చుంటుంది. కూలెంట్, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ దించెయ్. పెట్రోలు లైన్ లో ప్రెషర్ తీయడానికి అందరూ చెప్పే పద్ధతి పంప్ ఫ్యూజ్ పీకి ఇంజన్ ఆగేదాకా నడపమని, నీది నడిచేదే కాదు కాబట్టి గుడ్డ చుట్టి నెమ్మదిగా లూజ్ చెయ్, ఇన్నేళ్ళ తర్వాత ప్రెషర్ ఏమీ మిగిలి ఉండకపోవచ్చు గానీ అలవాటు అలవాటే. ఏసీ బండి అయితే గ్యాస్ పైపులు విప్పకు, కంప్రెసర్ ని బోల్ట్లు విప్పి పైపులతో సహా పక్కకి జరిపి తాడుతో కట్టేయ్. రేడియేటర్ బయటికి తీసేస్తే చేతికి చోటొస్తుంది. యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, స్పీడో కేబుల్, గేర్ రాడ్. సైలెన్సర్ బోల్ట్లకి రెండు రోజుల ముందు నుంచే రస్ట్ స్ప్రే కొడుతూ ఉండు, అయినా ఒకటో రెండో తెగుతాయి, తెగితే తెగనీ, లేత్ వాడు తీసిపెడతాడు. యాక్సిళ్ళు లాగేయ్.

ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిపే పైకి తీయి, ఆ ఇరుకులో బండి మీదే విడదీయడం అనవసరమైన కష్టం. చైన్ బ్లాక్ దేనికి తగిలిస్తావన్నదే అసలు ప్రశ్న. స్లాబ్ లో ఉన్న ఫ్యాన్ హుక్ కి కాదు, చెప్పకపోతే ఎవరో ఒకరు తగిలిస్తారు. రెండంగుళాల జీఐ పైపులతో ముక్కాలి చేసి దానికి ఒక టన్ను చైన్ బ్లాక్, ఇదే మన మెకానిక్ షెడ్లలో నడిచేది, లేదా ఇంజన్ హాయిస్ట్ అద్దెకి దొరికితే ఇంకా మంచిది. 800 ఇంజన్ చూస్తే ఇద్దరం ఎత్తేద్దాం అనిపించే సైజే, అలా ఎత్తబోయి నడుము పట్టేసిన వాళ్ళు ఉన్నారు. బండి కింద పని ఉన్నప్పుడు ఇనుప స్టాండ్లు, జాకీ ఒక్కటే నమ్ముకోకు, హాలో బ్రిక్స్ అసలే వద్దు, అవి పగిలేముందు చెప్పవు. ఇంజన్ గాల్లో ఉన్నప్పుడు దాని కింద చెయ్యి, కాలు, ఏదీ పెట్టకు. ఫౌండేషన్లు, అంటే ఇంజన్ ని బాడీకి పట్టి ఉంచే మౌంట్లు, విప్పాక అంగుళం ఎత్తి ఆపి, ఏ వైరో పైపో ఇంకా పట్టుకుని ఉందా అని చుట్టూ చూడు, తప్పకుండా ఏదో ఒకటి ఉంటుంది.

కింద పెట్టి గేర్‌బాక్స్ విడదీశాక హెడ్ విప్పు. మీ బావగారి అనుమానం ఇక్కడ తేల్తుంది. క్రాంక్ తిరిగే పరిస్థితి వచ్చాక ఒక్కో పిస్టన్ ని పూర్తి పైకి తెచ్చి బ్లాక్ అంచు నుంచి ఎంత కిందుందో కొలువు, మూడూ ఒకేలా ఉంటే రాడ్లు తిన్నగా ఉన్నట్టు, ఒకటి కిందికి ఉంటే ఆ రాడ్ వంగింది, అది మార్చాల్సిందే, కొట్టి సరిచేయించుకోవడాలు వద్దు. క్రాంక్ తిరగకపోతే కింద నుంచి బిగ్ ఎండ్ క్యాపులు, మెయిన్ క్యాపులు విప్పి క్రాంక్ ముందు తీసెయ్, తర్వాత పిస్టన్ ని చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టు. ఇనుప రాడ్ పెట్టి కొడితే పిస్టన్ పగుల్తుంది, పిస్టన్ ఎటూ పోయేదే కానీ ఆ ముక్క బోరుని గీస్తుంది. బోరు పైన తుప్పు అంచు ఉంటే ముందు అది గీకేయ్. క్యాపులు విప్పేముందు ఏది ఏ సిలిండర్ దో, ఏ వైపు ముందో పంచ్ తో చుక్కలు పెట్టుకో, అవి జతగా మిషన్ చేసినవి, తారుమారు చేస్తే కొత్త బేరింగ్ వేసినా బిగుసుకుంటుంది.

ఇంట్లో పని ఇక్కడ ఆగుతుంది. బ్లాక్, క్రాంక్, హెడ్ మూడూ మూట కట్టుకుని లేత్ వర్క్‌షాపుకి వెళ్ళు, అంబత్తూరు లోనో గిండీ ఎస్టేట్ లోనో బోలెడున్నాయి. ఇంటర్నెట్ లో ఇసుక కాగితంతో బోరు రుద్ది రింగులు వేసుకున్న వీడియోలు చూసి ఉంటావు, అలా వద్దు. తుప్పు బోరులో చుట్టూ సమానంగా తినదు, నీటి మట్టం ఎక్కడ ఆగిందో అక్కడ ఒక గీతలాగా గుంటలు పెడుతుంది, ఆ గుంట మీదుగా కొత్త రింగు వెళ్ళినా గ్యాస్ కిందికి జారుతుంది, ఆయిల్ పైకొస్తుంది, తెల్లారి నీలం పొగ. డయల్ బోర్ గేజ్ తో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిపించు, ఆ నంబర్లు కాగితం మీద రాసివ్వమను. రాసివ్వని చోట పని ఇవ్వకు. గుంటలు పైపైనే అయితే హోనింగ్, అంటే రాయితో బోరు సన్నగా రుద్దడం, కొత్త రింగులతో పోతుంది. లోతుగా ఉంటే ఓవర్‌సైజ్, అంటే బోరు పెద్దది చేసి దానికి తగ్గ పెద్ద పిస్టన్, 0.25 లేదా 0.50 ఎంఎం. అప్పటికీ గుంట పోకపోతే బోరులో స్లీవ్, అంటే కొత్త గొట్టం, వేయిస్తారు, స్లీవ్ అంటే భయపడక్కర్లేదు, బాగా వేస్తే కొత్త బోరుతో సమానం.

ఒక్క విషయం గట్టిగా చెప్తా, ముందు పిస్టన్లు కొను, అవి చేతికిచ్చి తర్వాతే బోర్ కొట్టించు. బోర్ కొట్టించి వచ్చాక పిస్టన్ వెతుక్కుంటే సైజు దొరక్క ఇబ్బంది పడతావు, దొరికినా ఒక్కో పిస్టన్ కి కొలతలో చిన్న తేడా ఉంటుంది, లేత్ వాడు ప్రతి పిస్టన్ ని మైక్రోమీటర్ తో కొలిచి దాని బోరు దానికి కొట్టాలి, ఏ పిస్టన్ ఏ సిలిండర్ దో పైన రాసివ్వాలి. చివర హోనింగ్ తో బోరు గోడ మీద ఏటవాలుగా గళ్ళ గీతలు కనపడాలి, అద్దంలా మెరిస్తే వెనక్కివ్వు, ఆ గీతల్లోనే ఆయిల్ నిలబడుతుంది. క్రాంక్ జర్నల్స్ మీద తుప్పు మచ్చ ఉంటే గ్రైండింగ్, ఎంత గ్రైండ్ చేస్తే ఆ సైజు షెల్స్. హెడ్ అల్యూమినియం, దాని మీద స్టీల్ స్కేలు పెట్టి ఫీలర్ గేజ్ తో చూడు, 0.05 ఎంఎం దాటి సందు ఉంటే ఫేసింగ్, అంటే మిషన్ మీద చదును చేయించడం. వాల్వులు గ్రైండింగ్ పేస్ట్ తో నువ్వే కూర్చోబెట్టుకోవచ్చు, మంచి టైంపాస్. వాల్వ్ సీళ్ళు మాత్రం కొత్తవి.

తెచ్చాక కడగాలి. లేత్ వాడు కడిగిచ్చాను అంటాడు, నమ్మకు. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్, బోరు తుడిచిన తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా. ఆయిల్ దారుల్లోంచి సన్న బ్రష్ దూర్చి కడిగి గాలి కొట్టించు, హోనింగ్ పొడి ఒక చిటికెడు మిగిలినా కొత్త బేరింగులని తినేస్తుంది. ఆరగానే ఆయిల్ పూసెయ్, మన గాలికి గంటల్లో ఎర్రబారుతుంది.

రింగు పిస్టన్ కి ఎక్కించేముందు బోరులో పెట్టి దాని మూతి సందు కొలువు, ఈ సైజు బోరుకి ఉరామరిగా 0.2 నుంచి 0.3 ఉండాలి, సందే లేకపోతే వేడికి రింగు చివరలు తగులుకుని విరుగుతాయి. మార్క్ ఉన్న వైపు పైకి. మూతులన్నీ ఒకే వరసలో రాకుండా తిప్పి పెట్టు. హెడ్ బోల్ట్లు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్ తో, చేతి అంచనాతో కాదు, రెంచ్ అద్దెకైనా తెచ్చుకో. చాంబర్ కి అనాబాండ్ (లీకు కాకుండా పూసే జిగురు) సన్న తీగలాగా చాలు, పక్కలకి పొంగేంత పూస్తే లోపలికి ఊడిపడి ఆ జాలీనే మూసేస్తుంది.

అన్నీ బిగించి ఇంజన్ ని మళ్ళీ బండిలో కూర్చోబెట్టాక, ప్లగ్గులు పెట్టకుండా, ఇంజెక్టర్ కప్లర్లు పీకేసి సెల్ఫ్ తో కొంచెం కొంచెంగా తిప్పు, ఆయిల్ లైట్ ఆరేదాకా. ఆరాకే ప్లగ్గులు. రేడియేటర్ లో మన బోరు నీళ్ళు పోయకు తమ్ముడూ, మడిపాక్కం నీళ్ళ ఉప్పు నీకు తెలిసిందే, లోపల సున్నం కట్టి మళ్ళీ వేడెక్కుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, సగం సగం. స్టార్ట్ అయ్యాక ఐడిల్ లో గంటలు గంటలు పెట్టకు, లీకులు చూసుకుని రోడ్డెక్కు, ఒకే స్పీడ్ లో పోకుండా పెంచుతూ తగ్గిస్తూ నడిపితేనే రింగులు బోరుకి కుదురుకుంటాయి. మొదటి 500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చు. దించిన ఆయిల్ ని వాన కాలవలో పారబోయకు, అదంతా వెళ్ళేది పళ్ళికరణై చిత్తడిలోకే, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాడికివ్వు. ఆ ఫిల్టర్ ని పారేయకుండా కోసి లోపలి కాగితం విప్పి ఎండలో చూడు. సన్నటి బూడిద రంగు పేస్ట్ లాంటిది కొంచెం ఉంటే మామూలే. రజను కనపడితే అయస్కాంతం పెట్టు, అంటుకుంటే రింగులో బోరో అరుగుతోంది, అంటుకోకుండా మెరుస్తూ మిగిలితే బేరింగో పిస్టనో, అప్పుడు ఇంక నడపకుండా పక్కన పెట్టి నాకు ఫోటో పంపు.